తేలిక సప్పరం

మార్చి 18

ఎవురితోనైనా పోట్లాడాలని ఉండాది. ఇంట్లో అందరూ మొగాలు ముడుచుకోని ఉండారు. కాబట్టి డైరీ, నీతోనే.

మా ఆయనకి, అదే బావకి, మెడ స్కానింగ్ తీయించినాం. తిరుపతి డాక్టరు ఆ ఫిల్మును లైటుకి పట్టి, "ఈడ చూడమ్మా, ఈ రెండెముకల మధ్యలో ఉండాల్సిన మెత్త బయటికొచ్చి నరాన్ని నొక్కతా ఉండాది" అని పెన్నుతో చూపించినాడు. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కేది అందుకేనంట. నెలల తరబడి నేను "ఫోను పట్టుకోని పండుకుంటే తిమ్మిరెక్కక ఏమైతాది" అని సతాయిస్తా ఉన్నింది దీన్నే.

"నెత్తిన ఏమీ ఎత్తగూడదు" అన్నాడు డాక్టరు.

"గడ్డిమోపు గూడానా?" అని బావ.

"గడ్డిమోపు కాదప్పా, నీళ్ళచెంబు గూడా వద్దు. ఆ నరం ఇంకా నలిగిందంటే చెయ్యి పడిపోతాది. నువ్వు బండి తోలే మనిషివి."

బావ రేణిగుంట గోడౌన్లో ఫోర్క్‌లిఫ్టు తోలతాడు. చెయ్యి లేకుంటే ఆ పనీ లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. వడమాలపేట వస్తా ఉండగా, "జాతర మే నెలలో గదా" అన్నాడు.

డాక్టరు చెప్పిందంతా విని ఈ మనిషి ఆలోచించింది అదీ!

మూడేండ్లు గంగమ్మ జాతరలో నెత్తిన సప్పరం మోస్తానని మొక్కుకున్నాడు. మా పాప మహితకి డెంగ్యూ వచ్చి, రక్తకణాలు పడిపోయి, డాక్టర్లు గూడా నోరు విప్పకుండా తిరగతా ఉన్న రోజున, ఆసుపత్రి వరండాలో తలకాయ గోడకి ఆనించి మొక్కుకున్నాడు. పాప బతికింది. రెండు జాతరలు మోసినాడు. ఇంకొకటి మిగిలుండాది.

మార్చి 20

అత్తతో ఈపొద్దు పెద్ద రభస. కుప్పమ్మ గారి కోర్టులో నాకు న్యాయం ఎప్పుడు దొరికింది గనక.

"ఇంకెవురైనా మోస్తే సరిపోదా అత్తా? బావ తమ్ముళ్ళ వరస వాళ్ళు ఇంతమంది ఉండారు."

"ఎవురి మొక్కు వాళ్ళే తీర్సుకోవాల. నీకు ఆకలైతే పక్కింటామె అన్నం తింటాదా?"

"డాక్టరు చెయ్యి పడిపోతాదన్నాడు."

"డాక్టరు పాప విషయంలో ఏమన్నాడు? సూడు లీలా, ఆ పొద్దు వాళ్ళందరూ చేతులెత్తేసినారు. ఎత్తకుండా నిలబడింది ఆ తల్లే. ఇప్పుడు నా కొడుకు మెడ నొప్పని చెప్పి ఎగ్గొడితే, పాపని సూసి నాకు నిద్ర పడతాదా?"

నేను నమ్మను. నిజంగానే నమ్మను. అయినా పాపకి రవంత ఒళ్ళు వెచ్చబడితే నా చెయ్యి మొదట పసుపుబట్ట కోసరం పోతాది. రూపాయి ముడేసి దేవుడి పటం కాడ పెట్టేదానికి. ఈ సంగతి కాలేజీలో ఎవురికీ తెలీదు.

మార్చి 23

బావ నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మహిత మధ్యలో పోస్టుమాన్ ఉద్యోగం చేసింది.

మార్చి 27

దొరికింది!

ల్యాబులో శాంపిళ్ళు ఓవెన్లో నుంచి తీస్తా ఉన్నాను. చింతగింజల గంజిలో కుంకుడుకాయ నురుగు చిలికి, చెనిక్కాయ పొట్టు పొడి కలిపి ఆరబెట్టిన ఫోమ్. పీహెచ్‌డీ అని ఇన్నేండ్లుగా నేను చేస్తా ఉండే చాకిరి అదే. థర్మోకోల్ చేసే పని ఇది చెయ్యాల, మట్టిలో పారేస్తే మట్టిలో కలిసిపోవాల. ఇటుకంత ముక్క చేతిలో పెట్టుకుంటే చేతిలో ఏమీ ఉన్నట్టే లేదు. దానిమీద నేను ఎక్కి నిలబడినాను. విరగలేదు. నా బరువు తక్కువేం కాదు, అత్త రోజూ గుర్తుచేస్తానే ఉంటాది.

అట్ల నిలబడే అనుకున్నాను. సప్పరం వెదురుతోనే కట్టాలని ఎవురు చెప్పినారు?

ఏప్రిల్ 2

పెరట్లో బావకి ముక్క చేతికిచ్చినాను. ఎగరేసి పట్టుకున్నాడు, వాసన చూసినాడు. "బొరుగుల ఉండ మాదిరి ఉండాదే" అన్నాడు. ఇన్నాళ్ళకి నవ్వినాడు.

సంగతి చెప్పినాను. నవ్వు ఆగిపోయింది.

"అమ్మవారికి మోసం కాదా లీలా?"

"నువ్వు ఏమని మొక్కుకున్నావు? వెదురు మోస్తానని మొక్కినావా, సప్పరం మోస్తానని మొక్కినావా?"

"సప్పరమనే."

"ఇన్ని కిలోలని చెప్పినావా?"

"ఛీ, అమ్మవారితో కిలోల లెక్క ఎవురు చెప్తారు?"

"మరి ఇంకేంది?"

చానాసేపు ఆ ముక్కను కుడిచేతి నుంచి ఎడమచేతికి, ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చినాడు. కుడిచేతిలో ఉన్నప్పుడు రెండుసార్లు జారి కింద పడింది. అప్పుడు ఒప్పుకున్నాడు. "మా అమ్మకి మాత్రం తెలీగూడదు" అన్నాడు. నేనేమైనా చెప్పేదాన్నా!

ఏప్రిల్ 9

రఘునాథ్ సారుకి చెప్పక తప్పలేదు. నా పీహెచ్‌డీ గైడు. ల్యాబులో అంత గంజి ఉడకబెడితే ఏమని అడగతాడు గదా. ఆయనది గుంటూరు పక్క.

"సప్పరం అంటే ఏమిటమ్మా?"

"గోపురం మాదిరి ఉంటాది సార్. వెదురు దబ్బలతో మనిషెత్తు కట్టి, రంగుకాగితాలు అంటించి, పూలు చుడతారు. మొక్కుకున్నోళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకోని ఊరంతా తిరిగి గుడికి చేరతారు. ఇద్దరు ఎత్తి నెత్తిన పెట్టాల, అంత బరువు."

సారు కుర్చీలో ముందుకి జరిగినాడు. ఆయన అట్ల జరిగేది పరిశోధన పేపరు వాసన తగిలినప్పుడే. "మన దగ్గర నొక్కుడు పరీక్షల లెక్కలు బోలెడున్నాయి, వాడకం ఒక్కటీ లేదు. ఇది పెడితే ఆఖరి చాప్టర్ నిలబడుతుంది లీలావతీ. జాతరలో ఫోటోలు తీయించండి. ఒకటే మాట, పైన వార్నిషు, ప్లాస్టిక్ పూత ఏవీ వద్దు. అవి పూస్తే ఇక అంతా సహజమైన జిగురే అని ఏ మొహంతో చెప్తాం?"

సరే సార్ అన్నాను.

ఇదంతా బావ కోసమే. చాప్టరు దానంతట అదొస్తే నేనేం వద్దంటానా?

ఏప్రిల్ 15

ఈపొద్దు మిషన్లో పెట్టి నొక్కినాం. ఒక్కో ముక్కా ఎంత బరువు దాకా తట్టుకుంటాదో చూసేది. శాంపిలు కిర్రుమంది గానీ లొంగలేదు. సప్పరం తన బరువు తాను మోసేదానికి కావాల్సిన దానికంటే ఎన్నో రెట్లు గట్టిగా ఉండాది. ల్యాబులో పిల్లోళ్ళు చప్పట్లు కొట్టినారు. వచ్చేటప్పుడు పుత్తూరులో దిగి పావుకిలో మైసూరుపాకు కొన్నాను. అత్తకి ఎందుకో చెప్పలేదు. ఆమె తిని, "చక్కెర ఎక్కువ" అనింది.

ఏప్రిల్ 21

నీళ్ళ పరీక్ష. బకెట్లో ముక్క వేసి, భోజనం చేసి వచ్చి తీసినాం. బరువు నాలుగింతలకు పైనే. వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగబడింది, తడిసిన రొట్టె మాదిరి. గంజి గదా, అట్లనే ఉంటాది. ఈ సంగతి సారుకీ నాకూ మొదట్నుంచీ తెలిసిందే.

సప్పరం ఎవురూ బకెట్లో వెయ్యరు. ఈ లెక్క దానికి అక్కర్లేదు.

ఏప్రిల్ 22

మే నెలలో మా ఊర్లో వాన పడదు.

అత్తని మాటల్లో మాటగా అడిగినాను. పోయినేడు జాతర ముందురోజు పడిందంట. రవంతేనంట.

ఏప్రిల్ 30

బావ అన్నాడు: "పైన రవంత ఎనామిల్ రంగు కొడదామా? నేనే కొడతా, గోడౌన్లో మిగిలిన డబ్బా ఉండాది."

వద్దన్నాను. బరువు పెరుగుతాదని చెప్పినాను. రంగు ఎంత బరువుంటాదని అడగలేదు పాపం. నేను చెప్పింది నమ్మేస్తాడు. లెక్కల సంగతి లీలకి తెలుసు అనేది ఆయనకి పెద్ద ధైర్యం. నలుగురిలో గూడా అంటాడు, "మా ఇంట్లో సైంటిస్టు ఉండాదప్పా" అని. నేను సిగ్గుపడతాను గానీ ఆపమని ఎప్పుడూ అనలేదు.

మే 7

సప్పరం ఇంటికొచ్చింది. కాలేజీ వ్యాన్లో దుప్పటి కప్పి తెచ్చినాం. మధ్యగదిలో నిలబెట్టి, మహితా నేనూ ఎర్రకాగితాలు, పచ్చకాగితాలు, అద్దం బిళ్ళలు అంటించినాం. ఎంత అందంగా ఉండాదో! నా చేత్తో చేసిన దాన్ని ఒకదాన్ని జనం చూడబోతా ఉండేది ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నేను చేసిందంతా మిషన్లో పెట్టి విరగ్గొట్టి పారేసిందే.

అత్త చుట్టూ తిరిగి చూసింది.

"వెదురు కనపడదే?"

"లోపల ఉండాది అత్తా."

"ఎవురు కట్టినారు?"

"మా కాలేజీలో మనిషి."

"మంచి పనోడే" అనింది. కాగితం మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకునింది. నేను వంటింట్లోకి పోయినాను, పొయ్యి మీద ఏమీ లేదు.

మే 11

బావ ఒకసారి నెత్తిన పెట్టుకోని చూసినాడు. తలుపు గడేసి, చుట్టకుదురు పెట్టి, నేనొక్కదాన్నే ఎత్తి పెట్టినాను. ఒక్కదాన్నే! నాకు సంబరం ఆగలేదు.

"ఎట్లుండాది బావా?"

"ఏమీ లేనట్టే ఉండాది."

"అందుకే గదా చేసింది."

"అదే" అన్నాడు. "ఏమీ లేనట్టుండాది."

దించినాక మంచం మీద కూర్చున్నాడు. "పోయినసారి బడి మలుపు కాడికి వచ్చేతలికి మెడ లోపలికి దిగబడిపోతాదేమో అనిపించింది లీలా. ఇంక నావల్ల కాదు అనుకున్నప్పుడు ఆసుపత్రిలో పాప మొగం కనపడింది. నడిచినా. ఇప్పుడు దీన్ని పెట్టుకోని చెయ్యూపుకుంటా పోతే ఆ తల్లి నన్ను చూసి ఏమనుకుంటాది?"

"నీ పెండ్లానికి తెలివుందనుకుంటాది" అన్నాను. ఆయన నవ్వలేదు.

మే 19

రేపే. ఊరంతా వేపాకు కట్టినారు. పలకల మోత, ఆ తప్పెట్ల మోత, అప్పుడే మొదలైంది.

ఒక సంగతి రాసి పెట్టుకుంటా ఉండాను, మర్చిపోకుండా. సప్పరం బయల్దేరేటప్పుడు గడప కాడ ఇంటి ఆడది పసుపునీళ్ళు పొయ్యాల. ఆ తర్వాత వీధిలో ప్రతి గడప కాడా ఆడోళ్ళు పోస్తారు. కాళ్ళకే పొయ్యాల. కాళ్ళకే. ఎండ ఎక్కువుంటే కొందరు ఒంటిమీద గూడా కుమ్మరిస్తారు, అది మోసేవాళ్ళకి చల్లగా ఉండాలని. రేపు కాళ్ళకే పొయ్యండని వీధిలో చెప్పి రావాల. చెప్తే ఎందుకని అడగతారు. అత్త వింటాది.

నేను ముందు నడుస్తా గదా, చూసుకుంటాలే.

మే 20

ఈపొద్దు ఏమీ రాయను.

మే 22

తిరుపతి ఆసుపత్రి. బావ నిద్రపోతా ఉండాడు, మెడకి పట్టీ. అత్త కింద క్యాంటీన్లో కాఫీ తాగేదానికి పోయింది. జరిగింది జరిగినట్టు రాసుకుంటే మనసు కుదుటపడతాదేమో చూద్దాం.

ఎండ మండిపోతా ఉన్నింది. వీధి మొదట్లో అంతా బాగానే ఉన్నింది. బావ చేతులు వదిలేసి నడస్తా ఉంటే జనం "ఏమప్పా మునిశేఖరా, ఈ ఏడు ఎగిరిపోతా ఉండావే" అని ఎగతాళి చేసినారు. ఆయన తలొంచుకున్నాడు. ఆ మాటే ఆయనకి గుచ్చుకునింది.

ఆ తర్వాత వీధిలో ఆడోళ్ళు నీళ్ళు పోసినారు. బిందెలతో పోసినారు. నెత్తిమీద, సప్పరం మీద, యాడబడితే ఆడ. ఒకామె మిద్దె మీద నుంచి కుమ్మరించింది. వద్దండి వద్దండి అన్నాను, పలకల మోతలో ఎవురికి వినబడతాది? కాగితాల రంగు కారి ఆయన మొగమంతా ఎర్రగా అయింది.

బడి మలుపు కాడ ఆయన నడక మారింది. చేతులు రెండూ పైకి పోయి సప్పరాన్ని పట్టుకున్నాయి. మోకాళ్ళు వంగతా ఉండాయి. నేను చూస్తానే ఉండాను, బరువు ఎక్కతా ఉండాది. ఆయన మొగంలో మాత్రం నొప్పి లేదు. ఏదో వెలుగొచ్చింది. "వచ్చిందమ్మా" అని అరిచినాడు అత్తతో. "అమ్మ వచ్చి కూర్చునింది. బరువెక్కతా ఉండాది!"

అంతే, అత్త రోడ్డుమీదే సాగిలపడింది. జనమంతా గోవిందలు కొట్టినారు. ఇంకా పోసినారు నీళ్ళు.

గుడి ముందరికి వచ్చేతలికి సప్పరం నడుములో మెత్తబడి కుడిపక్కకి ఒరిగింది. పడిపోకుండా ఆయన మెడతోనే నిలబెట్టినాడు. గుడి మెట్టు మీద దించినాక కుడిచెయ్యి కిందికి జారి అట్లనే ఉండిపోయింది. "లీలా, చెయ్యి యాడుండాదో తెలీడం లేదు" అన్నాడు, నవ్వతానే.

వీధిలో వాళ్ళు నీళ్ళు పొయ్యకుండా ఉండింటే ఏమీ అయ్యేది కాదు.

మే 23

రేపు ఆపరేషను. నరం మీద ఒత్తిడి తీసేస్తారంట. చెయ్యి వస్తాదా అంటే, "చూద్దాం" అన్నాడు డాక్టరు. నేను గూడా పిల్లోళ్ళకి అట్లనే చెప్తాను, శాంపిలు పోయిందని తెలిసినాక.

మే 25

ఆపరేషను అయింది. ప్రాణానికి భయం లేదన్నారు.

రఘునాథ్ సారు ఫోను చేసినాడు. మీవారు ఎలా ఉన్నారని అడిగినాడు, మంచి మనిషే. ఆ తర్వాత రవంతసేపు దగ్గినాడు. "ఇలాంటప్పుడు అడగకూడదు గానీ, ఫోటోలు ఏమైనా..." అన్నాడు.

ఫోటోలు ఉండాయి. మహిత తీసింది. నా ఫోనులోనే ఉండాయి, తెరవలేదు.

మే 26

తెరిచినాను.

మొదటి ఫోటో మా గడప. అందులో బిందె పట్టుకోనింది నేను. చెంబు కాదు, బిందె. నీళ్ళు కాళ్ళ మీద పడతా లేవు.

కాళ్ళకే పోసినాను మొదట. నిజంగా కాళ్ళకే పోసినాను. తలెత్తి చూస్తే ఆయన మొగం ఎండకి కందిపోయి ఉండాది, చెమట కండ్లలోకి కారతా ఉండాది. పోయినేడు గూడా అట్లనే ఉన్నింది, అంతకు ముందేడు గూడా. ఆ రెండేండ్లూ నేను ఏం చేసినానో ఈ చెయ్యి అదే చేసింది. బిందె ఎత్తి నెత్తిన కుమ్మరించింది. ఆయన "హమ్మయ్య" అన్నాడు. ఫోమ్, గంజి, బకెట్లో వేసిన ముక్క, ఒక్కటీ నా బుర్రలో లేదు. మొగుడికి ఉక్కపోస్తా ఉండాది, అంతే ఉన్నింది.

ఇంటామె నెత్తిన పోస్తే వీధిలో వాళ్ళు కాళ్ళకి ఎందుకు పోస్తారు? నన్ను చూసే పోసినారు.

ఇంకోటి. "వద్దండి వద్దండి" అన్నానని రాసినాను చూడు, అది అబద్ధం. అనలేదు. బడి మలుపు కాడ నాకు అంతా తెలిసింది. బరువెందుకు ఎక్కతా ఉండాదో ఆ వీధి మొత్తంలో తెలిసింది నాకొక్కదానికే. "అది గంజితో చేసింది, నీళ్ళు తాగతా ఉండాది, దించండి" అని అరిస్తే సరిపోయేది. అరిస్తే అత్తకి తెలిసిపోతాది. ఊరు ఊరంతా నవ్వతాది, అమ్మవారికి బొరుగుల ఉండ మోసినారని. సారుకి ఫోటో ఉండదు. అవన్నీ అప్పుడే ఆలోచించినానా అంటే, ఆ తప్పెట్లలో గూడా ఆలోచించినాను. బుర్ర దానికి మాత్రం బాగా పనిచేసింది.

మే 29

ఇంటికొచ్చినాం. బావని చూసేదానికి జనం తీర్థం మాదిరి వస్తా ఉండారు. ప్రతి ఒక్కరికీ ఆయన మొదట్నుంచి చెప్తా ఉండాడు. "మొదట్లో దూదిపింజ మాదిరి ఉన్నింది అన్నా. నేనే అనుకున్నా, ఏంది తల్లీ నా మీద కోపమా అని. మలుపు కాడ చూడు, ఎక్కి కూర్చునింది!" వాళ్ళు ఆయన కుడిచేతిని కండ్లకి అద్దుకుంటారు. ఆ చేతికి అది తెలీదు. అరచేతిలో పెట్టిన రూపాయి బిళ్ళ గూడా తెలీదు.

గోడౌన్ వాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారంట. ఫోన్లో చాలా మర్యాదగా చెప్పినారు.

అత్త నాకు గూడా మొక్కింది ఈపొద్దు. "నీ చేత్తో చేయించిన సప్పరం లీలా. నీ చెయ్యి మంచిది" అని నా రెండు చేతులూ పట్టుకునింది. కావాలంటే నన్ను చెప్పుతో కొట్టుండొచ్చు ఆమె, దీనికంటే అదే నయం.

మే 31

చెప్పాలనుకున్నాను. మనుషులు వచ్చినారు.

జూన్ 1

చెప్పాలనుకున్నాను. ఆయన సంతోషంగా ఉండాడు. ఆ సంతోషం తప్ప ఆయన తావ ఏం మిగిలిందని దాన్ని గూడా లాక్కునేది?

ఇది గూడా సాకే. నాకు భయం.

జూన్ 3

అత్త చీటీ పాటకి పోయింది. మహిత ట్యూషను. మధ్యాన్నం ఆయనకి పెరుగన్నం పెడతా ఉన్నాను. ఎడమచేత్తో తినేది ఇంకా రాలేదు, చొక్కా అంతా పోసుకుంటాడు, అందుకని నేనే పెడతా ఉండాను. నాలుగు ముద్దలు పెట్టినాక ఎట్లొచ్చిందో వచ్చేసింది నోట్లో నుంచి.

"బావా, అమ్మవారు కాదు. నీళ్ళు."

నమిలేది ఆపినాడు.

"ఆ ఫోమ్ నీళ్ళు తాగతాది బావా. నాకు ముందే తెలుసు, ల్యాబులో చూసినాను. మొదట నెత్తిన పోసింది గూడా నేనే. రంగు కొడదామని నువ్వంటే బరువని అబద్ధం చెప్పినాను, కొట్టుంటే రవంతైనా ఆగుండేది. సారు వద్దన్నాడని. చాప్టరు కోసరం." ఏడుస్తా చెప్పినాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయినాయి.

ఆయన ముద్ద మింగినాడు. "తెలుసు లీలా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీళ్ళు తాగిందని. నా నెత్తి మీదే గదా కారతా ఉన్నింది. గోడౌన్లో తడిసిన మూటలు ఎన్ని ఎత్తినా నేను? తడి బరువు నాకు తెలీదా?"

"మరి అమ్మ వచ్చిందని అరిచినావే!"

"వచ్చిందనే అనిపించింది. ఇప్పుడు గూడా అనిపిస్తా ఉండాది. నీళ్ళు తాగిందనీ తెలుసు. రెండూ ఒకేసారి తెలిసినాయి. నాకేం అవి కొట్లాడుకోలేదు."

"తెలిసీ ఎందుకు దించలేదు బావా? డాక్టరు చెప్పినాడు గదా!"

చెప్తే నేను బాధపడతానని తటపటాయించినాడు, ఆ మనిషి!

"మలుపు కాడ మెడలో ఏదో పట్టేసింది. అప్పుడు నీపక్క చూసినా. ఇది చేసింది లీల గదా, ఇంక మోస్తే ప్రమాదమైతే లీలకి తెలిసుంటాది, ఒక్క సైగ చేసినా దించేద్దామనుకున్నా. మొక్కు సగంలో పోతే పోనీ అనుకున్నా. నువ్వు నన్ను చూసి నవ్వినావు. సరేలే, పరవాలేదు కాబోలని నడిచినా."

చూసినాడు. నాకు గుర్తుండాది. జనం మధ్యలో నుంచి, ఎర్రరంగు కారే మొగంతో, నా ఒక్కదాని పక్కే చూసినాడు. నేను నవ్వినాను. ఎవురైనా చూస్తా ఉంటే నవ్వేది అలవాటు గదా నాకు. ఆ సంగతి ఇందులో గూడా రాసుకోలేదు నేను.

"తిట్టు బావా" అన్నాను. "నీ కాళ్ళకి మొక్కతా. ఒక్క మాట తిట్టు."

"ఏమని తిట్టేది?" అన్నాడు. నిజంగానే అడిగినాడు, తెలీక.

ఆ నవ్వు ఎందుకు నవ్వినావని అడగతాడేమో అని ఎదురు చూసినాను. అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నింది. "అన్నం ఆరిపోతా ఉండాది" అని నోరు తెరిచినాడు. ముద్ద కలిపి పెట్టినాను.